చెయ్యి అడ్డం పెడితేనే వద్దని అర్థం

మా సెంటర్లో పదకొండేళ్లు వంట చేసిన పుష్పావతి ఒక్క వారంలో నా కొలువుకే ఎసరు పెట్టిందని మొదట్లో నేను కనబడ్డ ప్రతివాడికీ చెప్పుకుని ఏడ్చాను. ఇప్పుడు అదే నోటితో ఆమె కథ చెప్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వండి, నాకేం నామోషీ లేదు.

నా పేరు వరదరాజులు. ముప్పై నాలుగేళ్లు పల్లె బడుల్లో తెలుగు అయ్యవారుగా పనిచేసి రిటైరయ్యాను. రోజంతా ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ సరోజమ్మకు నేనూ, నాకు ఆవిడా బరువైపోతామని, మదనపల్లె శివార్లలో ఉన్న ఒక స్వచ్ఛంద సంస్థ సెంటర్లో చేరాను. ఏటా రెండుసార్లు విదేశాల నుంచి పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలు వాలంటీర్లుగా ఇక్కడికి వస్తారు. పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల బడుల్లో, హాస్టళ్లలో పది నెలలు పనిచేస్తారు. అంతకుముందు మా దగ్గర ఏడు రోజుల శిక్షణ. విమానం దిగిన పిల్లలకు ఈ నేల మీద ఎలా నడవాలో, ఎలా కూర్చోవాలో, ఎవరితో ఎలా మెలగాలో నేర్పి పంపడమన్నమాట. అందులో తెలుగు చెప్పే పని నాది. మిగతాదంతా బెంగుళూరు నుంచి వచ్చే ఒక ట్రైనర్ గోడ మీద బొమ్మలు వేసి చెప్పేవాడు. అందరికీ మూడు పూటలా వండిపెట్టే పని పుష్పావతిది.

ఈసారి బ్యాచ్ దిగడానికి నాలుగు రోజుల ముందు ఆ ట్రైనర్ వేరే ఉద్యోగం దొరికిందని మానేశాడు. కుప్పంలోని హెడ్డాఫీసు నుంచి నందిని మేడం ఫోన్ చేసింది. సంస్థను నడిపేది ఆవిడే. ఇక శిక్షణ మొత్తం నా చేతికే వస్తుందని నేను గొంతు సవరించుకున్నాను. ఆవిడ మాత్రం, వెనక్కి వెళ్లిన పిల్లలు రాసిన ఉత్తరాలన్నీ మళ్లీ చదివాననీ, వాటిలో బొమ్మల పాఠాల ఊసే లేదనీ, అందరూ పుష్పమ్మ గురించే రాశారనీ చెప్పింది. కాబట్టి ఈసారి శిక్షణ పుష్పావతిది. ఆమె మాటల్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పే పని నాది.

అక్కడితో ఆగలేదు. ఏడో రోజున పిల్లలు సోమల దగ్గర ఒక పల్లెకు వెళ్లి రోజంతా ఒక కుటుంబంతో కలిసి పనిచేయాలి. అది చూడటానికి మేడం స్వయంగా వస్తుంది. పిల్లలు సిద్ధమయ్యారని తోస్తే ఇకమీదట పుష్పావతే ట్రైనరు. లేదంటే వచ్చే బ్యాచ్ నుంచి శిక్షణ బెంగుళూరులోని ఒక హోటల్‌కు మారిపోతుంది, ఇక్కడి వంటిల్లు మూతపడుతుంది.

నేను ముఖం ముడుచుకునే వంటింట్లోకి వెళ్లి ఈ సంగతి చెప్పాను. పుష్పావతి చేతిలో తెడ్డు అలాగే ఆగిపోయింది. తాను ఏడో తరగతి కూడా పూర్తిగా చదవలేదని గుర్తు చేసింది. నేనూ అదే అనుకుంటున్నానని అన్నాను. మాట పడింది కదా, చిన్నబుచ్చుకుంటుందని చూశాను. ఆమె మొహం మాత్రం వెలిగిపోతోంది.

"చేస్తా అయ్యోరా," అంది. "ఆ బిడ్డలు ఈడికొచ్చి దిక్కులు సూస్తా నిలబడేది పదకొండేండ్లుగా సూస్తాండా. యాడ తడబడతారో నాకు తెలుసు."

పుష్పావతికి నలభై రెండేళ్లు. కురబలకోట మండలంలో గొర్రెలు మేపే ఇంట్లో పుట్టింది. పెళ్లయి మదనపల్లె వచ్చాక కొన్నాళ్లు మండీల్లో టమోటాలు గ్రేడింగ్ చేసింది. తర్వాత మా సెంటర్లో వంటకు కుదిరింది. మొగుడు ఆదెప్ప ఆటో తోలుతాడు, కూతురు తేజస్విని నర్సింగు చదువుతోంది. పదకొండేళ్లలో ఆమె మా శిక్షణ హాల్లో కుర్చీ మీద కూర్చోగా నేను చూడలేదు. పిల్లలు కూర్చోమని చెయ్యి పట్టి లాగినా, నేనున్నానని గోడకు ఆనుకుని నిలబడేది. నేను కూడా ఏనాడూ కూర్చోమనలేదు.

బ్యాచ్ పొద్దున ఏడింటికి వ్యానులో దిగింది. మొత్తం ఐదుగురు. జర్మనీ నుంచి వచ్చిన క్లారాకు పద్దెనిమిదేళ్లు. ఎండకు మొహం ఎర్రబడి, మెడలో పాస్‌పోర్టు సంచి వేలాడేసుకుని, అందరి వెనకా నిలబడింది. కెన్యా నుంచి వచ్చిన ఒటియెనో పొడుగ్గా, నవ్వుతూ, దిగీ దిగగానే అందరి సామానూ తానే మోయడం మొదలుపెట్టాడు. మిగతా ముగ్గురూ ఫోన్లు ఎత్తి చింతచెట్టును, కాకిని, నన్ను ఫొటోలు తీశారు. నేను అక్షరమాల చార్టులు తగిలించి కర్ర పట్టుకుని హాల్లో సిద్ధంగా ఉన్నాను. వాళ్లెవరూ హాల్లోకి రానేలేదు. పుష్పావతి వాళ్లను నేరుగా పెరట్లోకి తీసుకుపోయి, వరసగా కింద కూర్చోబెట్టి, పళ్లేల్లో రాగి సంగటి ముద్దలు వేసింది.

సంగటిని నమలకూడదనీ, ఊరిబిండి పచ్చడిలో అద్దుకుని మింగాలనీ చేసి చూపించింది. ఒటియెనోకు చూపించే పనిలేకపోయింది. వాళ్ల ఊళ్లో ఉగాలి అని ఇలాంటిదే తింటారట. రెండు ముద్దలు ఇష్టంగా తిన్నాడు. మూడోది వేయబోతే చాలా మర్యాదగా, చిరునవ్వుతో, వద్దని ఇంగ్లీషులో చెప్పాడు. పుష్పావతి వేసింది. తిన్నాడు. మళ్లీ ఇంకా మర్యాదగా వద్దన్నాడు. ఆమె నాలుగోది వేసింది. వాడి కళ్లలో నీళ్లు తిరుగుతుంటే అప్పుడు వాడి ఎదురుగా కూర్చుని మొదటి పాఠం చెప్పింది.

"నోటితో వద్దంటే అది మర్యాదప్పా. ఈ సీమలో ఎవురూ నమ్మరు. చెయ్యి అడ్డం పెడితేనే వద్దని."

అంటూ తన పళ్లెం మీద రెండు చేతులూ అడ్డంగా కప్పి ముందుకు వంగి చూపించింది. ఐదుగురూ అలాగే వంగారు. ఒటియెనో మాత్రం అరగంట దాకా చేతులు తీయలేదు. నేను ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చి చెబుతూ లోపల గొణుక్కున్నాను. అన్నం దగ్గర చెయ్యి పెట్టడం కూడా ఒక పాఠమేనా అని. అయితే నాకు డెబ్బై ఏళ్లు వచ్చాయి కానీ, మనమంతా రోజూ చేసే ఈ పనిని ఎవరైనా మాటల్లో పెట్టి చెప్పగా నేను అంతవరకూ వినలేదు. అది కూడా ఒప్పుకోవాలి.

రెండో రోజు తెల్లవారుజామున టమోటా మార్కెట్‌కు తీసుకుపోయింది. అక్కడ ఏం కొనాలో చెప్పలేదు, ఎక్కడ నిలబడకూడదో చెప్పింది. నెత్తిన క్రేట్లు పెట్టుకుని పరిగెత్తేవాళ్లకు దారి ఇవ్వడం, వేలంపాట దగ్గర ఊరికే చెయ్యి ఎత్తకుండా ఉండటం, అడిగినవాళ్లకు తమ ఊరూ పేరూ విసుక్కోకుండా ఇరవైసార్లు చెప్పడం. తిరిగొచ్చేసరికి ఐదుగురి బట్టలూ టమోటా రసంతో ఎర్రగా ఉన్నాయి. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఒక్క క్లారా తప్ప. ఆ పిల్ల నోట్‌బుక్కులో ఏదో రాసుకుంటుందే గానీ నోరు విప్పదు. నేను అడిగితే తల ఊపుతుంది. ఈ పిల్ల మేడం ముందు నిలబడి ఏం చెప్పగలదా అని నాకు అనుమానం పట్టుకుంది.

మూడో రోజు కురబలకోట దగ్గర పుష్పావతి అన్న మంద కాడికి పోయాం. అక్కడ ఆమె నడక వేరు, గొంతు వేరు. మందను వెనక నుంచి తరిమితే బెదిరి చెల్లాచెదురు అవుతుందనీ, దారి మళ్లించాలంటే ఒక గొర్రెపిల్లను చంకనెత్తుకుని ముందు నడవాలనీ, పిల్ల అరిస్తే తల్లి వస్తుందనీ, తల్లి వెనక మందంతా వస్తుందనీ చెప్పింది. ఐదుగురి చేతా చేయించింది. క్లారా ఎత్తుకున్న గొర్రెపిల్ల ఆమె చొక్కా గుండీ కొరికేసింది. అందరూ నవ్వుతుంటే నేను పక్కకు వచ్చి, దూరంగా కనబడుతున్న ఒక పెంకుటిల్లు చూపించి, అదేమిటని అడిగాను. ఎక్కడో చూసినట్టుంది.

"అది మీ బడే కదా అయ్యోరా," అంది పుష్పావతి. "ఏడో తరగతిలో మీరే నాకు పద్యాలు చెప్పినారు. గొర్రెల ఎనక పోయి రెండు నెల్లు రాలేదని హాజరు పట్టీలో నా పేరు ఎర్రసిరాతో కొట్టేసింది గూడా మీరే. మర్సిపోయినారా?"

నిష్ఠూరంగా అనలేదు. నిన్న వాన పడింది అన్నట్టు అంది. నాకు గుర్తులేదు. ఆ రోజుల్లో నేను కొట్టేసిన పేర్లు ఒకటా రెండా? వరసగా ఇన్ని రోజులు రాకపోతే కొట్టేయాలని పైనుంచి చెప్పారు, కొట్టేశాను. ఏ ఒక్క ఇంటికీ పోయి ఈ పిల్ల ఎందుకు రావడం లేదని అడగలేదు. పదకొండేళ్లు ఈమె చేతి అన్నం తింటూ, నువ్వెవరి పిల్లవని కూడా అడగలేదు. ఆ రోజు వ్యానులో తిరిగొస్తుంటే సిగ్గేసింది.

నాలుగో రోజు పుంగనూరు ప్రయాణం. అక్కడి పొట్టి ఆవుల్ని చూడాలని పిల్లల గోల. మా వ్యాను వద్దంది పుష్పావతి. రేపు పనిచేసే చోట వ్యాను ఉంటుందా, బస్సే ఎక్కాలి అంది. మదనపల్లె బస్టాండులో, బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీద తువ్వాలో, చేతిగుడ్డో వేస్తే ఆ సీటు మనదైపోతుందని నేర్పింది. పుంగనూరు బస్సు వచ్చింది. జనం ఎగబడ్డారు. ఒటియెనో టోపీ వేశాడు. ఇంకొకడు చొక్కా విప్పి వేశాడు. క్లారా దగ్గర తువ్వాలు లేదు, గుడ్డ లేదు. మెడలోని పాస్‌పోర్టు సంచి తీసి కిటికీలోంచి లోపలికి పడేసింది.

మేం చూసేలోపే జనం మమ్మల్ని పక్కకు నెట్టేశారు, బస్సు కదిలింది. క్లారా పరుగు. వెనక ఒటియెనో. వాళ్ల వెనక పంచె ఎగగట్టుకుని నేను. జీవితంలో ఆ వేగంతో ఎప్పుడూ పరిగెత్తలేదు. బస్టాండు గేటు దగ్గర కండక్టర్ మమ్మల్ని చూసి విజిలేశాడు. ఎక్కి చూస్తే ఒక ముసలావిడ ఆ సంచిని ఒళ్లో పెట్టుకుని, ఆ సీట్లో కూర్చోబోయిన మీసాల మనిషిని తిట్టిపోస్తోంది. తెల్ల పాప సంచి వేసి పోయింది, ఎట్లా కూర్చుంటావని ఆమె వాదన. ఆ సీటు క్లారాకు ఇచ్చేదాకా ఊరుకోలేదు. క్లారా ఆవిడ పక్కన కూర్చుని పుంగనూరు దాకా నవ్వుతూనే ఉంది. నాలుగు రోజుల్లో ఆ పిల్ల గొంతు వినడం అదే మొదలు. నాకు ఆయాసం తగ్గలేదు గానీ, నేనూ నవ్వాను.

ఇక ఆరో రోజు నేను చేసిన ఘనకార్యం చెప్పాలి.

ఏడో రోజుకు పుష్పావతి అన్నీ ముందే మాట్లాడి పెట్టింది. సోమల దగ్గర పల్లెలో గొర్రెలు, నాలుగు ఎకరాల మెట్ట ఉన్న మునిరాజ ఇంటికి పిల్లలు పోతారు. పొద్దున మందతో పోయి మేపుతారు, మధ్యాహ్నం సంగటి కెలుకుతారు, సాయంత్రం గంప కింద మూసిన గొర్రెపిల్లల్ని తల్లుల దగ్గరికి వదులుతారు. అంతే. నాకు ఆ అంతే నచ్చలేదు. అంత పెద్ద మేడం వస్తుంటే గొర్రెలు చూపిస్తారా? పుష్పావతి పరువు నిలబడాలంటే కాస్త హంగు ఉండాలి కదా అనిపించింది. ఆ పల్లె పెద్ద రామచంద్రప్ప నా పాత శిష్యుడు. ఫోన్ చేసి, రేపు విదేశీ అతిథులు వస్తున్నారు, ఊరి మర్యాద నీ చేతిలో ఉందప్పా అని చెప్పాను. ఎవరికీ చెప్పొద్దని కూడా అన్నాను. నిజం చెప్పాలంటే సగం ఆమె మీద అభిమానం, సగం మైకులో మాట్లాడాలన్న నా కోరిక. రిటైరయ్యాక నాకెవరూ మైకు ఇవ్వలేదు.

రామచంద్రప్ప గురువుగారి మాట జవదాటేవాడు కాడు. ఏడో రోజు పొద్దున మేం పోయేసరికి పల్లె మొదట్లో అరటిచెట్లు కట్టిన స్వాగత ద్వారం, లోపల షామియానా, ఎర్ర తివాచీ, వందకు పైగా కుర్చీలు, వేపచెట్టుకు కట్టిన రెండు మైకులు. ఫ్లెక్సీ మీద ముఖ్యవక్తగా నా పేరు. వీధి శుభ్రంగా ఉండాలని ఊళ్లోని మంద మొత్తాన్నీ తెల్లవారుజాము నుంచే ముళ్లకంప దొడ్లో మూసేశారు. మునిరాజకు తెల్లచొక్కా తొడిగి ముందు వరసలో కూర్చోబెట్టారు. మా ఐదుగురు పిల్లల్నీ వేదిక ఎక్కించి మెడలో బంతిపూల దండలు వేశారు.

అప్పుడే కుప్పం నుంచి నందిని మేడం కారు వచ్చి ఆగింది. ఆవిడ దిగి, అరటిచెట్లను చూసింది, షామియానాను చూసింది, పుష్పావతి వైపు తిరిగి ఇదేమిటని అడిగింది.

పుష్పావతి ఫ్లెక్సీ మీద నా పేరు చదివింది. నా వైపు ఒక్కసారి చూసింది. అంతా అర్థమైపోయిందని నాకు తెలిసింది.

"ఊరోళ్లు ముచ్చటపడినారు మేడం," అంది.

నా పేరు చెప్పలేదు. మేడం మొహంలో ఏ మార్పూ లేదు, అదే నాకు భయమేసింది. ఇదంతా నా నిర్వాకమేనని అక్కడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. రామచంద్రప్ప నా చేతికి మైకు ఇచ్చాడు.

నేను మొదలుపెట్టాను. ఇరవై నిమిషాలు మాట్లాడి ఉంటాను. మధ్యలో శాలువాలు కప్పారు. ఎండలో ఉన్ని శాలువా కప్పుకుని ఐదుగురు పిల్లలు చెమటలు కక్కుతూ మర్యాదగా నవ్వుతున్నారు. మేడం వాచీ చూసుకుంది. నా మాటల వెనక దొడ్లోంచి గొర్రెల అరుపులు పెరుగుతున్నాయి. నేను గొంతు పెంచాను, అవీ పెంచాయి. పక్కింటి గోడకు ఆనుకుని నిలబడ్డ పుష్పావతి తల తిప్పి కాసేపు వింది. ఎండ ఎక్కింది, మంద ఇంకా మేతకు పోలేదు, నీళ్లు తాగలేదు. ఆకలితో అరిచే అరుపు ఆమెకు తెలుసు. నన్ను గానీ, మేడాన్ని గానీ అడక్కుండా చీర కుచ్చిళ్లు ఎగదోపి దొడ్డి వైపు నడిచింది.

వేదిక మీద మొదట లేచింది క్లారా. దండ తీసి కుర్చీకి తగిలించి దిగిపోయింది. తర్వాత ఒటియెనో. తర్వాత ముగ్గురూ. చివరికి వేదిక మీద మైకూ, నేనూ మిగిలాం.

పుష్పావతి కంప లాగేసింది. వందకు పైగా గొర్రెలు ఒక్కసారిగా బయటపడ్డాయి. నేరుగా షామియానాలోకి వచ్చాయి. స్వాగత ద్వారానికి కట్టిన అరటాకులు క్షణంలో మాయమయ్యాయి. కుర్చీలకు తగిలించిన బంతిపూల దండలు తినేశాయి. ఒక పొట్టేలు రామచంద్రప్ప మెడలోని దండను ఆయన మెడలో ఉండగానే మొదలుపెట్టింది. ఆడవాళ్లు కుర్చీలెక్కి నవ్వుతున్నారు, పిల్లలు కేకలు, తివాచీ మీద గొర్రె పెంటికలు. మేడం కూడా కుర్చీ ఎక్కింది.

అరటాకులు అయిపోయాయి. షామియానా అవతల రోడ్డు పక్కన మునిరాజ తమ్ముడి టమోటా చేను. కట్టెలు నాటి, దారాలు కట్టి, రేపో మాపో మొదటి కోతకు వచ్చిన చేను. మంద అటు తిరిగింది. మగవాళ్లు కర్రలు పట్టుకుని వెనక నుంచి తరుముతూ పరిగెత్తారు. తరిమేకొద్దీ అవి బెదిరి చేను వైపే పోతున్నాయి. తరమొద్దని పుష్పావతి అరుస్తోంది, ఆ గోలలో ఎవరికీ వినబడటం లేదు. ఆమె మంద వెనక ఉండిపోయింది, ముందుకు పోయే దారి లేదు.

అప్పుడు చూశాను. క్లారా దొడ్డి పక్కనున్న పెద్ద గంప ఎత్తి ఒక గొర్రెపిల్లను చంకనెత్తుకుంది. చుట్టు తిరిగి పరిగెత్తి, చేనుకూ మందకూ మధ్యన నిలబడింది. పిల్ల అరిచింది. మందలోంచి ఒక గొర్రె ఆగి తల ఎత్తి బదులు అరిచింది. క్లారా పరిగెత్తలేదు. వెనక్కి తిరిగి చూడకుండా, బీడు వైపు మెల్లగా నడిచింది. తల్లి వెనకాల వచ్చింది. దాని వెనక ఇంకొకటి. ఒటియెనో కూడా ఒక పిల్లను ఎత్తుకున్నాడు. మిగతా ముగ్గురూ అంతే. ఐదుగురూ ఐదు గొర్రెపిల్లల్ని ఎత్తుకుని ముందు నడుస్తుంటే, మంద మొత్తం టమోటా చేను అంచు నుంచి తిరిగి వాళ్ల వెనక పోయింది. ఒక్క చెట్టు విరగలేదు.

నాకు ఒళ్లు పులకరించింది. ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పాను గానీ, చెప్పిన పాఠం ఇలా కళ్లముందు లేచి నడవడం నేను చూడలేదు.

మేడం కుర్చీ దిగి నా దగ్గరికి వచ్చింది. పిల్లలు చాలా బాగా నేర్చుకున్నారని మెచ్చుకుంది. కానీ నిట్టూర్చింది.

"పల్లెను ఉన్నది ఉన్నట్టు చూపించమన్నాను మాస్టారూ. ఇంత హంగామా చేస్తుంటే ఊరివాళ్లకు వద్దని చెప్పలేకపోయింది ఆవిడ. వద్దని చెప్పలేని మనిషి ట్రైనర్ ఎలా అవుతుంది?"

ఇక తట్టుకోలేకపోయాను.

"ఆమెకేమీ తెలీదమ్మా," అన్నాను. "రామచంద్రప్పకు చాటుగా ఫోన్ చేసింది నేను. ఈ షామియానా నాది, ఈ బుద్ధితక్కువ పని నాది. చిన్నప్పుడు ఆ పిల్ల పేరు బడి పట్టీలోంచి కొట్టేసింది కూడా నేనే. ఈ రోజు రెండోసారి కొట్టేయబోయాను."

మెల్లగానే అన్నాను. కానీ మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. వేపచెట్టు మీది రెండు మైకులూ ఆ మాటల్ని ఊరికీ, చేలకూ, బీడుకూ వినిపించాయి. కుర్చీల మీది జనం విరగబడి నవ్వారు. రామచంద్రప్ప తల గోక్కున్నాడు. దూరంగా బీడులో పుష్పావతి ఆగి ఇటు తిరిగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో అంత దూరం నుంచి తెలియలేదు. నేను మాత్రం ఏడ్చాను.

మేడం కారులో చెప్పులు విప్పేసి వచ్చి, చీర కొంగు బిగించి, మంద పోయిన వైపు నడిచింది. మునిరాజ తెల్లచొక్కా విప్పి భుజాన వేసుకుని ఆమె కంటే ముందు పరిగెత్తాడు. ఆ రోజు మిగతాదంతా పుష్పావతి అనుకున్నట్టే జరిగింది. మేపారు, నీళ్లు తోడారు, సంగటి కెలికారు. మునిరాజ పెండ్లాము మేడానికి రెండో ముద్ద వేయబోతే ఆవిడ వద్దు వద్దంది. వేసేసింది. పక్కనున్న ఒటియెనో మేడం చెయ్యి పట్టుకుని పళ్లెం మీద అడ్డంగా పెట్టి, ఇట్లా పెట్టాలని చూపించాడు. సాయంత్రం కారెక్కేముందు మేడం నాకు ఒకే ఒక పని చెప్పింది.

మర్నాడు పొద్దున పిల్లలు కుప్పం వ్యాను ఎక్కుతున్నారు. క్లారా పుష్పావతిని కరచుకుని వదలడం లేదు. వ్యాను పోయాక నేను ఆమెను శిక్షణ హాల్లోకి పిలిచాను. బల్ల మీద ట్రైనర్ల హాజరు పట్టీ తెరిచిపెట్టాను. నా కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేశాను.

"కూర్చో పుష్పావతీ," అన్నాను.

ఆమె గోడ దగ్గరే నిలబడింది. నేను కలం మూత తీశాను.

"నాకెందుకు అయ్యోరా ఇయ్యన్నీ. మీరుండారు గదా. వద్దు."

వద్దని మూడుసార్లు అంది. నేను తలెత్తి ఆమె చేతుల వైపు చూశాను. రెండు చేతులూ కిందికే ఉన్నాయి. ఒక్కటీ అడ్డం రాలేదు.

నీలం సిరాతో, గుండ్రటి అక్షరాలతో, పట్టీలో మొదటి వరసలో, నా పేరుకు పైన ఆమె పేరు రాశాను.